గరగరలాడే నాబ్, మూగబోయిన గిటార్

ప్రశ్న: మాస్టారూ, నాది మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న (తీగల కంపనాన్ని పట్టే ఒంటి చుట్ట రకం) ఎలక్ట్రిక్ గిటార్. పదేళ్ల పాతది. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటోంది. వాల్యూమ్ కాస్త తగ్గించానంటే చాలు, పదును పోయి గోడ అవతల వాయిస్తున్నట్టు వినిపిస్తోంది. తీగల మీంచి చెయ్యి తీస్తే గుయ్యిమంటుంది, వేస్తే తగ్గుతుంది. లోపలి వైరింగంతా పీకేద్దామని కొత్త పాట్లు (నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్లు), స్విచ్, ఖరీదైన కెపాసిటర్ తెచ్చుకున్నాను. తీరా చూస్తే కొత్త పాట్లు పాత రంధ్రాల్లో పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆ సామాన్లు కాసేపు పక్కన పెట్టండి. మీరు రాసింది ఒక జబ్బు కాదు, మూడు. మూడింటికీ మందులు వేరు.

గరగర సంగతి తేలిక. పాట్ లోపల గుర్రపునాడా ఆకారంలో కార్బన్ పూత ఉంటుంది, దాని మీద చిన్న లోహపు నాలుక జారుతూ ఉంటుంది. మధ్యలో దుమ్ము చేరితే ఆ చప్పుడు. పాట్ కాళ్ల దగ్గర సన్నని సందు కనబడుతుంది. అందులోకి కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి ముప్పై సార్లు తిప్పండి. కాస్త జిడ్డు మిగిల్చే రకం తీసుకోండి. పూర్తిగా ఆరిపోయే రకమైతే లోపలి గ్రీజును కూడా కడిగేస్తుంది, ఆ తర్వాత నాబ్ తిప్పుతుంటే ఇసుకలో తిప్పినట్టుంటుంది. నెల తిరక్కుండా గరగర మళ్లీ వస్తే పూత అరిగిందన్నమాట. అప్పుడు మార్చండి.

పదును పోవడం పాట్ జబ్బే కాదు, దాని స్వభావం. గిటార్ కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. నాబ్ 10 మీద ఉన్నంతసేపూ పికప్ నేరుగా కేబుల్‌తో మాట్లాడుతుంది. 7కి దించగానే మధ్యలో రెసిస్టెన్స్ వచ్చి కూర్చుంటుంది, అదీ కేబుల్ కెపాసిటెన్సూ కలిసి ముందుగా పైస్వరాలను మింగేస్తాయి. ఎంత ఖరీదైన కొత్త పాట్ వేసినా ఇదే వరస. దీనికి విరుగుడు ట్రెబుల్ బ్లీడ్. వాల్యూమ్ పాట్‌లో పికప్ వైరు వచ్చే కాలికీ మధ్య కాలికీ నడుమ ఒక 680 పికోఫారడ్ కెపాసిటర్, దానికి పక్కనే సమాంతరంగా ఒక 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్. 250 కిలో ఓమ్‌ల పాట్‌కి నేను వాడే లెక్క ఇది. రెసిస్టర్ దేనికని మానేస్తారేమో, అప్పుడు వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడు కీచుదనం మరీ ఎక్కువై చెవిలో గుచ్చుతుంది.

ఇక గుయ్యిమనే మోత. చెయ్యి వేస్తే తగ్గుతోందంటే సంతోషించాల్సిన మాటే. తీగలు ఆనే బ్రిడ్జి కిందకి పోయే గ్రౌండ్ వైరు బాగానే ఉందని అర్థం. మీ ఒళ్లే యాంటెన్నాలా చుట్టుపక్కల కరెంటు మోతను పట్టి పికప్‌లకి అందిస్తోంది. తీగ ముట్టుకోగానే అది గ్రౌండ్‌లోకి పోతోంది. లోపలి గుంతకీ, దాన్ని మూసే ముందు పలక పిక్‌గార్డ్ వెనకకీ రాగి రేకు అంటించి గ్రౌండ్‌కి కలిపితే చాలావరకు తగ్గుతుంది. చాలావరకే అంటున్నాను. సింగిల్ కాయిల్ పట్టే అయస్కాంతపు హమ్‌ని రాగి రేకు ఆపలేదు. గిటార్ పట్టుకుని నిలబడ్డచోటే గుండ్రంగా తిరగండి, ఒక దిక్కున పెరిగి ఒక దిక్కున తగ్గేది ఆ హమ్మే. మధ్య పికప్ తిరగేసి చుట్టిన రకమైతే స్విచ్ 2, 4 స్థానాల్లో అదీ పోతుంది.

ముట్టుకుంటే మోత పెరిగే గిటార్లూ వస్తుంటాయి నా దగ్గరికి. వాటిలో చాలామట్టుకు కేబుల్ గుచ్చే జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారై ఉంటాయి. తీగలు ముట్టుకుంటే చురుక్కుమందా, అది వైరింగ్ పని కాదు. వెంటనే ఆంప్ ప్లగ్ పీకి, ఆంప్‌నీ గోడ సాకెట్ ఎర్తింగ్‌నీ ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. అప్పటిదాకా వాయించకండి.

పాట్లు పట్టకపోవడానికి కారణం కొలతల తేడా. ఒక రకం అంగుళాల్లో: మెడ 9.5 మిల్లీమీటర్లు, కడ్డీకి 24 పళ్లు. రెండో రకం మెట్రిక్: మెడ 7 లేదా 8, కడ్డీ 6 మిల్లీమీటర్లు, 18 పళ్లు. అందుకే నాబ్ కూడా ఒకదానిది ఒకదానికి ఎక్కదు. రంధ్రం పెంచాలంటే డ్రిల్ పెట్టకండి, బిట్ పట్టేసి ప్లాస్టిక్ నెర్రెలిస్తుంది. చేత్తో తిప్పే రీమర్‌తో రెండు వైపుల నుంచీ కొద్దికొద్దిగా గీకండి. అంతకన్నా సులువు, విలువ సరిపోయే చిన్న పాట్లు తెచ్చుకోవడం. ధ్వనికి పాట్ సైజుతో పనిలేదు, విలువతోనే పని. సింగిల్ కాయిల్‌కి 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కి (రెండు కాయిళ్ల పికప్) 500 అన్నది మామూలు లెక్క. విలువ పెరిగితే ధ్వని పదునెక్కుతుంది, తగ్గితే మెత్తబడుతుంది. పాట్ మీద రాసిన అంకెను నమ్మి ఊరుకోకండి, 20 శాతం అటూ ఇటూ ఉండడం మామూలే. మొన్న 250 అని రాసి ఉన్న నాలుగు పాట్లు కొలిస్తే 218, 231, 262, 279 వచ్చాయి. 279ని వాల్యూమ్‌కి పెట్టుకున్నాను.

మరి ఆ ఖరీదైన కెపాసిటర్? టోన్ నాబ్‌లో సింగిల్ కాయిల్‌కి 0.047, హంబకర్‌కి 0.022 మైక్రోఫారడ్లు వాడడం ఆనవాయితీ. విలువ మారితే చెవికి తేడా తెలుస్తుంది. ఒకే విలువలో నూనెకాగితం రకానికీ మామూలు ఫిల్మ్ రకానికీ తేడా నా చెవికైతే దొరకలేదు. దాని మీద 600 వోల్టులని ఉంటే మురిసిపోకండి, పికప్ ఇచ్చేది మహా అయితే ఒకటి రెండు వోల్టులు. లావుగా ఉండి గుంతలో అడ్డం పడడమే దాని ఘనత.

విప్పేముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, ఏ వైరు ఎక్కడికి పోతోందో కాగితం మీద గీసుకోండి. తర్వాత గిటార్‌కి కేబుల్ పెట్టి, వాల్యూమ్ నిండుగా పెంచి, రెండో చివర ప్లగ్ మొనకీ ఒంటికీ మల్టీమీటర్ ఆనించండి. ఒక్కో పికప్‌కి సుమారు 6 కిలో ఓమ్‌లు చూపించాలి. ఆ అంకెలు అదే కాగితం మీద రాయండి. పని అయ్యాక మళ్లీ కొలిస్తే, ఆంప్ ఆన్ చేయకుండానే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

టంకం విషయంలో నేను తగలెట్టిన పాట్ గురించి చెప్పాలి. కొత్తలో 25 వాట్ల ఐరన్, పెన్సిల్ ముక్కులాంటి మొన. పాట్ వీపు పెద్ద లోహం కదా, వేడంతా అదే లాగేసుకుంటుంది. టంకం కరగదు, ముద్దలా పైనే కూర్చుంటుంది. పట్టుదల కొద్దీ దాదాపు నిమిషం అదిమిపెట్టాను. చివరికి అంటుకుంది, కానీ నాబ్ తిరగలేదు. లోపల ప్లాస్టిక్ కరిగింది. ఇప్పుడు 60 వాట్లు, ఉలిలా వెడల్పు మొన. పాట్ వీపుని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ముందు లోహాన్ని వేడిచేసి, ఆ వేడికి టంకాన్ని తాకిస్తాను. మూడు నాలుగు సెకన్లలో నీటిబొట్టులా పరుచుకోవాలి. పరుచుకోలేదా, ఐరన్ తీసేసి చల్లారనిచ్చి మళ్లీ.

రాగి రేకు అంటించే పనిలో ఇంకో గుంట ఉంది, నేను పడ్డాను. అంతా పూర్తయింది, పిక్‌గార్డ్ తెరిచి ఉంచి పరీక్షిస్తే ఖంగున పలికింది. పదకొండు మరలూ బిగించేసరికి నిశ్శబ్దం. విప్పితే పలుకుతోంది, మూస్తే మూగ. అలా నాలుగుసార్లు విప్పి బిగించాక, టార్చి వేసి చూస్తే ఐదు స్థానాల స్విచ్ కాలు ఒకటి గుంత గోడకున్న రేకుని గీకిన గీత కనబడింది. మూయగానే సిగ్నల్ మొత్తం గ్రౌండ్‌లోకి పోతోందన్నమాట. ఆ గోడ మీదా, జాక్ మొన ఆనే చోటా ఇన్సులేషన్ టేప్ ముక్కలు ముందే అంటించండి.

వరుస చెప్పమంటే: ఈ వారం క్లీనర్. మోత బాధిస్తే వచ్చేవారం రేకు. ఆ తర్వాత ట్రెబుల్ బ్లీడ్. మీ స్విచ్ బాగానే ఉంది కదా, దాని జోలికి పోకండి.

ప్రశ్న: నా హంబకర్‌ని నాబ్ పైకి లాగితే సింగిల్ కాయిల్‌లా పలికేట్టు చేయాలని పుష్ పుల్ పాట్ కొన్నాను. కానీ పికప్ నుంచి అల్లిక తొడుగున్న ఒకే వైరు వస్తోంది. ఎలా కలపాలి?

జవాబు: అలా కుదరదు. రెండు కాయిళ్లు కలిసే చోటు నుంచి వైరు బయటికి రావాలి, మీదానిలో ఆ అతుకు లోపలే ఉండిపోయింది. విప్పి తీయవచ్చు గానీ ఆ వైర్లు వెంట్రుక కన్నా సన్నం, తెగితే పికప్ పోయినట్టే. నాలుగు వైర్ల పికప్ తెచ్చుకున్నప్పుడు రంగుల పట్టిక ఎవరిదో చూసుకోండి. సేమర్ డంకన్‌లో నలుపు సిగ్నల్, ఎరుపూ తెలుపూ కలిపే జంట. డిమార్జియోలో ఎరుపు సిగ్నల్, నలుపూ తెలుపూ జంట. ఆకుపచ్చ మాత్రం రెండింటిలోనూ గ్రౌండ్. ఒకరి పట్టికతో ఇంకొకరి పికప్ కలిపి, సన్నగా ముక్కుతో పాడినట్టు వస్తోందని నాకు రాసినవాళ్లు చాలామంది.

ప్రశ్న: మా మావయ్య ఇచ్చిన పాత గిటార్‌లో వాల్యూమ్ పాట్ వీపు మీద 1376632 అని ఉంది. ఇది సీరియల్ నంబరా? పాట్ తిరగడం లేదు, మార్చేయనా?

జవాబు: సీరియల్ నంబర్ కాదు, పాట్ పుట్టినరోజు. 137 అంటే తయారుచేసిన సీటీఎస్ కంపెనీ గుర్తు. 66 సంవత్సరం, 32 వారం. అంటే 1966 ఆగస్టు ప్రాంతం. గిటార్ అప్పటిదే అనడానికి ఇదొక్కటే చాలదు. పాట్లు అరల్లో నెలలూ ఏళ్లూ పడి ఉండొచ్చు, మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. పాత టంకం చెక్కుచెదరకుండా ఉందేమో ముందు చూడండి. బిగుసుకుపోయిన పాట్లు చాలావరకు లోపలి గ్రీజు గట్టిపడ్డవే. క్లీనర్ వేసి ఒక రాత్రి వదిలేసి, పొద్దున్న నెమ్మదిగా తిప్పి చూడండి. అయినా రాకపోతే మార్చండి. తీసిన పాత పాట్‌ని మాత్రం పారేయకుండా కవర్లో వేసి గిటార్ కేసులోనే ఉంచండి.