గది కంటే ముందు ఇంటివాళ్ళని చూసుకో

చిట్టితల్లీ,

సెమిస్టర్ సెలవుల్లో మూడు ఊళ్ళు తిరగాలని ఉందని, హోటల్ రేట్లు చూస్తే గుండె జారిపోతోందని రాశావు. ఎవరింట్లోనైనా గది తీసుకుంటే చవకగా అయిపోతుందా పెద్దమ్మా అని అడిగావు. అవుతుంది. పరాయి దేశంలో చదువుకున్న రోజుల్లో నేను సెలవులన్నీ అలాగే గడిపాను. కాకపోతే హోటల్లో గది బాగుంటే సరిపోతుంది, హోమ్‌స్టేలో ఇంటివాళ్ళు బాగుండాలి. కాబట్టి ఫొటోలో పక్క మీద దుప్పటి ఎంత తెల్లగా ఉందో చూసి డబ్బు కట్టేయకు.

వెతకడం మీ యూనివర్సిటీ నుంచే మొదలుపెట్టు. విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసులో అడుగు. నువ్వు వెళ్ళే ఊరి నుంచి వచ్చి మీ దగ్గర చదువుతున్నవాళ్ళు ఉంటే వాళ్ళనీ అడుగు. తెలిసినవాళ్ళ నోటి నుంచి వచ్చిన మాటకు ఏ యాప్ రేటింగూ సాటి రాదు. ఆ తర్వాతే ఎయిర్‌బీఎన్‌బీ లాంటి, ఇళ్ళలో గదులు అద్దెకిప్పించే యాప్‌లు. అందులో మొత్తం ఫ్లాట్ కాకుండా గది ఒక్కటే ఎంచుకో. ఆ ఇంట్లో ఓనర్ కూడా ఉంటారా లేదా అన్నది విడిగా అడుగు. చాలా గదులకు హోమ్‌స్టే అని పేరు పెడతారు గానీ అక్కడ ఇంటివాళ్ళే ఉండరు.

అద్దె తీసుకోకుండా అతిథిగా ఉంచుకునేవాళ్ళూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, దేశాల మధ్య స్నేహం పెరగాలని 1949లో మొదలైన సర్వాస్ అనే సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. అందులో చేరాలంటే ఇంటర్వ్యూ ఉంటుంది. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది. బీవెల్‌కమ్ అనే సైట్‌ని వలంటీర్లు నడుపుతారు, చేరడానికి రుసుము లేదు. ఇలాంటిదే కౌచ్‌సర్ఫింగ్ అనే సైట్ మాత్రం 2020 నుంచి చాలా దేశాల్లో సభ్యత్వ రుసుము తీసుకుంటోంది. ఇలాంటి చోట్ల ఇంటివాళ్ళు నీతో కూర్చుని కబుర్లు చెప్పుకోవాలని ఆశపడతారు. పొద్దున పోయి అర్ధరాత్రి వచ్చి పడుకునే ప్లాన్ ఉంటే వాళ్ళని అడగకు, అది వాళ్ళని బాధపెట్టడమే. ఆ ఊళ్ళకు మాత్రం అద్దె గదే తీసుకో.

రివ్యూలు చదివేటప్పుడు ఐదు స్టార్లవి వదిలేసి మూడు స్టార్లవి ముందు చదువు. అసలు సంగతులన్నీ అక్కడే ఉంటాయి. “ఆవిడ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది” అని ఒకరు విసుక్కుంటారు. ఒంటరిగా వెళ్ళే నీకు అదే ధైర్యం. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లలు ఏం రాశారో వెతికి మరీ చదువు. ఒక్క ఆడపిల్ల కూడా ఉండి వెళ్ళని ఇల్లు ఎంత చవకైనా మనకొద్దు. గదికి లోపలి నుంచి గడియ ఉందా అని అడగడానికి మొహమాటపడకు.

తర్వాత నువ్వు రాసే మెసేజ్. “రూమ్ ఉందా?” అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. “నేను ఫలానా చోట చదువుతున్నాను. నాలుగు రాత్రులు ఉంటాను. సాయంత్రం ఆరింటికి రైలు దిగుతాను. సిగరెట్ అలవాటు లేదు. రోజుకొకసారి వంటింట్లో వండుకోవచ్చా? స్టూడెంట్‌ని, రేటు కొంచెం తగ్గించగలరా?” అని రాయి. తగ్గించమని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు. ఎక్కువ రోజులు ఉండేవాళ్ళకు చాలామంది తగ్గిస్తారు కూడా. ఒకసారి ఇలాగే రాసి ఒక పెద్దావిడ ఇంటికి వెళ్తే, ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసి, దాని మీద నా పేరు రాసిన చీటీ అంటించి ఉంచింది. ఆ చీటీ చూడగానే ప్రయాణం బడలికంతా పోయింది.

లెక్క వేసేటప్పుడు గది అద్దె ఒక్కటే చూడకు. క్లీనింగ్ ఫీజు, రోజూ రానుపోను బస్సు చార్జీలు, వంట చేసుకోనివ్వకపోతే బయట తినే ఖర్చు, అన్నీ కలుపు. ఊరి చివర చవక గది ఒక్కోసారి ఊరి మధ్య గది కంటే ఎక్కువే పడుతుంది. ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా కనుక్కో.

నేనొకసారి మోసపోయాను. ఓనర్ వేరే దేశంలో ఉన్నానని, అడ్వాన్స్ పంపితే తాళాలు కొరియర్ చేస్తానని రాశాడు. ఫొటోలు చూసి నమ్మి పంపాను. సూట్‌కేసు లాక్కుంటూ వెళ్తే ఆ వీధిలో ఆ నంబరు ఇల్లే లేదు. ఆ రాత్రి స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాను. అందుకే చెబుతున్నాను, యాప్ బయట డబ్బు పంపమంటే అక్కడితో మాట ఆపెయ్. ఇంటి ఫొటోలను గూగుల్ ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడు. అవే ఫొటోలు వేరే ఊరి పేరుతో కనిపిస్తే మోసం బయటపడినట్టే.

వీసా సంగతి కూడా చూసుకో. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ఎక్కడ ఉంటావో రుజువు అడుగుతారు. ఫ్రాన్స్‌లో తెలిసినవాళ్ళింట్లో ఉండేటట్టయితే వాళ్ళే తమ ఊరి మునిసిపల్ ఆఫీసులో ఆహ్వాన పత్రం తీసుకుని నీకు పంపాలి, కాబట్టి ముందుగా అడుగు. ఇంటిపని చేసిపెడితే గది ఉచితం అనే ఒప్పందాలకు మాత్రం తొందరపడకు. జీతం లేకపోయినా చాలా దేశాలు దాన్ని ఉద్యోగంగానే లెక్కేస్తాయి. నీ స్టూడెంట్ వీసాకే ముప్పు రావచ్చు.

మొదటి రోజు వెలుతురు ఉండగానే చేరేలా టికెట్ తీసుకో. ఒక్కో ఊరికి రెండేసి ఇళ్ళు ఎంచుకుని, డబ్బు కట్టకముందే లింకులు నాకు పంపు. రివ్యూలు ఇద్దరం కలిసి చదువుదాం. ఆదివారం ఫోన్ చెయ్యి, ఖాళీగానే ఉంటాను.

మీ పెద్దమ్మ