హంతకులెవరో తెలిసినా ఆ నవల చదవవచ్చు

‘జానే జాన్’ సినిమా చూశాక హత్య చేసిందెవరో తెలిసిపోయింది కదా, ఇక మూల నవల చదవడం దండగేమో అని అడిగారు. తప్పకుండా చదవండి. జపాన్ రచయిత కేయిగో హిగాషినో 2005లో వెలువరించిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’లో హత్య మొదట్లోనే మన కళ్లముందు జరిగిపోతుంది. పక్కింటి లెక్కల మాస్టారు ఇషిగామి దాన్ని ఎలా కప్పిపుచ్చాడన్నదే అసలు చిక్కుముడి. 2023 నాటి సినిమా కథను పశ్చిమ బెంగాల్ కొండపట్టణం కాలింపాంగ్‌కు తెచ్చింది, నవలలో అది టోక్యో. తొలి పేజీల్లో ఇషిగామి సుమిదా నది ఒడ్డున, నిలువ నీడలేనివాళ్లు వేసుకున్న నీలి ప్లాస్టిక్ గుడారాల పక్కగా నడిచి వెళ్తాడు. ఆ పేజీలు గబగబా తిప్పేయకండి! పాత స్నేహితుడు, భౌతికశాస్త్రవేత్త యుకావాతో అతని బుద్ధి పోరు నాకు ప్రాణం. యుకావా కేసులు ఛేదించే పుస్తకాల వరుసలో ఇది మూడోదే అయినా ముందు రెండూ కథా సంపుటాలు, కాబట్టి నేరుగా దీనితోనే మొదలుపెట్టండి.