అమ్మగారి కట్టుడు పళ్లకు మరకలు

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. పైకీ కిందికీ పూర్తి పళ్ల సెట్టు కట్టించాం. భోజనమైనాక వక్కాకు వేసుకోవడం ఆమెకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. టీ కూడా ఎక్కువగానే తాగుతారు. సెట్టు గోధుమ రంగుకు తిరిగింది, కింది పళ్ల లోపలివైపు గార కట్టింది. రోజూ పళ్లపొడితో గట్టిగా తోముతున్నా మరకలు పెరుగుతూనే ఉన్నాయి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో నానబెట్టమని తెలిసినవారు చెబుతున్నారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: దయచేసి బ్లీచింగ్ పౌడర్ జోలికి వెళ్లకండి. దానివల్ల చిగుళ్ల రంగులో ఉండే భాగం వెలిసిపోతుంది, సెట్టులో లోహపు భాగమేదైనా ఉంటే దాన్ని బ్లీచింగ్ తినేస్తుంది.

మీ అమ్మగారి సెట్టు పాడవడానికి వక్కాకు, టీ కారణమే అయినా, నా దృష్టిలో అంతకంటే ఎక్కువ హాని చేస్తున్నది ఆ పళ్లపొడి. సాధారణంగా కట్టుడు పళ్లను యాక్రిలిక్ అనే పదార్థంతో చేస్తారు. అది సహజమైన పంటి పింగాణీ కంటే చాలా మెత్తనిది కాబట్టి, గరుకైన పొడితోగానీ, మామూలు టూత్‌పేస్టుతోగానీ రుద్దినప్పుడల్లా దానిమీద కంటికి కనిపించనంత సన్నని గీతలు పడతాయి; ఆ గీతల్లోనే వక్కాకు ఎరుపు, టీ కషాయం, కూరల్లోని పసుపు చేరి నిలిచిపోతాయి. ఎంత గట్టిగా తోమితే అన్ని గీతలు, అంత మరక.

ఇక మీదట తిన్న ప్రతిసారీ, ముఖ్యంగా వక్కాకు నమిలిన వెంటనే, సెట్టు తీసి నీళ్లతో కడిగించండి. మరక ఆరి పట్టుకోకముందే కడగడంలోనే సగం పని ఉంది. రోజుకొకసారి మెత్తని బ్రష్షుతో, గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క నీళ్లలో కలిపి, లోపలా బయటా సున్నితంగా తోమాలి; చిగురుకు ఆనుకునే లోపలి భాగాన్ని చాలామంది వదిలేస్తారు, పాచి చేరేది అక్కడే. తోమేటప్పుడు కింద నీళ్లున్న గిన్నె పెట్టుకుంటే చేయి జారినా సెట్టు పగలదు. వేడినీళ్లు మాత్రం వాడవద్దు, యాక్రిలిక్ వంకరపోయి సెట్టు నోట్లో సరిగా కూర్చోదు.

రాత్రి సెట్టు తీసి మంచినీళ్లలో ఉంచాలి. ఆరిపోతే ఆకారం మారే ప్రమాదముంది, రాత్రంతా నోట్లోనే ఉంటే చిగుళ్లకు బూజు జాతి ఇన్ఫెక్షన్ సోకే అవకాశం పెరుగుతుంది. మన ప్రాంతంలో చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా, సున్నం ఎక్కువగా ఉంటాయి కనుక, నానబెట్టడానికి ప్లాంటు నీళ్లు వాడటం మేలు. దుకాణాల్లో దొరికే నానబెట్టే బిళ్లలు కూడా మంచివే, అయితే నోట్లో పెట్టుకునే ముందు సెట్టును బాగా కడగాలి.

మీరు చెప్పిన గార అక్కడే కట్టడానికి కారణం, నాలుక కింద లాలాజలం ఊరే రంధ్రాలు ఉండటం. లాలాజలంలోని ఖనిజాలు పాచిలో చేరి గట్టిపడతాయి. పలచగా ఉంటే తెల్ల వెనిగర్‌ను సమానంగా నీళ్లు కలిపి అందులో కాసేపు నానబెట్టి తోమవచ్చు (లోహం ఉన్న సెట్టుకు ఇది పనికిరాదు). మందంగా ఉంటే కత్తితో, సూదితో గీకవద్దు. దంతవైద్యుల దగ్గర యంత్రంతో శుభ్రం చేసి, పైభాగాన్ని మళ్లీ నునుపుగా పాలిష్ పడతారు; గీతలు పడిన మీ సెట్టుకు అదే ముందు కావాలి. కడపలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించవచ్చు.

వక్కాకు సంగతి మరకలతో ఆగేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కను, పొగాకు కలపకపోయినా సరే, క్యాన్సర్ కారకంగా 2004 నాటి నివేదికలోనే పేర్కొంది. మానలేకపోతే కనీసం తగ్గించమని అమ్మగారికి నచ్చజెప్పండి. సెట్టు తీసినప్పుడల్లా ఆమె చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం చూస్తూ, తెల్లని మచ్చగానీ రెండు వారాలైనా మానని పుండుగానీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించండి.