‘పైనుంచి బిల్లు రాలేదు’ అంటే బాకీ ఆగిపోతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది నల్గొండ జిల్లా. తమ్ముడూ నేనూ కలిసి హైదరాబాద్‌లో సెంట్రింగ్, ప్లాస్టరింగ్ పనులు సబ్ కాంట్రాక్ట్‌కి చేస్తుంటాం. కొంపల్లి వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ పని ఒక కాంట్రాక్టర్ దగ్గర తీసుకున్నాం. రెండు పేజీల వర్క్ ఆర్డర్ ఉంది. బిల్లు సర్టిఫై అయిన 30 రోజుల్లో చెల్లిస్తామని, 5 శాతం రిటెన్షన్ (లోపాలు బయటపడితే అన్న హామీగా) పట్టుకుని పని అప్పగించిన ఏడాదికి ఇస్తామని అందులో రాశారు. పని సాగుతుండగా వేసిన రన్నింగ్ బిల్లులు మొత్తం 8, రూ.40 లక్షలు. ఇప్పటికి ముట్టింది రూ.29 లక్షలు. 7, 8 బిల్లుల మీద సైట్ ఇంజినీర్ సంతకం ఉన్నా వాటి డబ్బు రాలేదు. ఇవి కాక ర్యాంపు, కాంపౌండ్ వాల్ నోటిమాట మీద చేయించుకున్నారు, వాటికి రూ.3.70 లక్షలు అవుతుంది. పని అప్పగించి రెండేళ్ల నాలుగు నెలలైంది. అడిగినప్పుడల్లా ‘బిల్డర్ నుంచి బిల్లు రాలేదు’ అంటున్నారు. గట్టిగా అడిగితే ప్లాస్టరింగ్ పగిలిందంటూ రూ.2.60 లక్షలు మా బాకీలో కోస్తామని డెబిట్ నోట్ పంపారు. ఇప్పుడు ‘ఆరు లక్షలిస్తాం, ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకం పెట్టు’ అంటున్నారు. లేబర్‌కి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి డబ్బులిచ్చాను. నా దగ్గర ఆయన సెక్యూరిటీగా ఇచ్చిన రూ.5 లక్షల చెక్కు ఉంది, తేదీ వేయలేదు. చీటింగ్ కేసు పెట్టొచ్చా? బిల్డర్‌నే నేరుగా అడగొచ్చా? మా సెంట్రింగ్ రేకులు, జాకీలు కూడా ఇంకా ఆయన గోడౌన్‌లోనే ఉన్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో నాకు ముందుగా కనిపించింది డబ్బు లెక్క కాదు, ‘రెండేళ్ల నాలుగు నెలలు’ అన్న మాట. ఇలాంటి బాకీలకు దావా వేసే గడువు మూడేళ్లు. వచ్చే సంక్రాంతికి సర్దుతాడు, ఉగాదికి సర్దుతాడు అని ఎదురుచూసి, మూడేళ్లు దాటాక ఫైలు పట్టుకొచ్చే మేస్త్రీలను ఏటా చూస్తూనే ఉన్నాను. అప్పుడు ఎంత మంచి కాగితం ఉన్నా లాభం లేదు.

మీ బాకీ రూ.14.70 లక్షలు చూడడానికి ఒకటే అంకె. చట్టం మాత్రం దాన్ని మూడు ముక్కలుగా చూస్తుంది.

మొదటి ముక్క, సంతకమైన 7, 8 రన్నింగ్ బిల్లుల తాలూకు రూ.9 లక్షలు. మీ వర్క్ ఆర్డర్‌లో 30 రోజుల గడువు ఉంది కాబట్టి ఒక్కో బిల్లు సర్టిఫై అయిన తేదీకి 30 రోజులు కలిపి, అక్కడి నుంచి మూడేళ్లు లెక్క వేసుకోవాలి. 8వ బిల్లుకన్నా 7వ బిల్లు గడువు ముందే తీరిపోతుంది. రెండో ముక్క రిటెన్షన్, రూ.2 లక్షలు. అది ఇవ్వాల్సిందే పని అప్పగించిన ఏడాదికి కనుక దాని గడువు అప్పుడే మొదలైంది. దానికి ఇంకా ఏడాదిన్నర పైనే టైముంది. మూడో ముక్క ర్యాంపు, కాంపౌండ్ వాల్. వీటికి చెల్లింపు గడువంటూ ఎవరూ అనుకోలేదు. అలాంటప్పుడు లిమిటేషన్ చట్టం షెడ్యూలులోని 18వ ఆర్టికల్ ప్రకారం పని పూర్తయిన రోజు నుంచే మూడేళ్లు. ఈ పనులు మెయిన్ పనికంటే ముందే అయిపోయి ఉంటే, అందరికంటే ముందు చేజారేది ఈ రూ.3.70 లక్షలే. వాటి చివరి రోజు ఏదో మీ హాజరు పుస్తకం తీసి ఇవాళే చూసుకోండి.

గడువు తీరకముందే ఆయన సంతకంతో ‘ఇంత బాకీ ఉన్నాం’ అని రాసిచ్చిన కాగితం దొరికితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. మధ్యలో చెక్కు ద్వారా కొంత చెల్లించినా అంతే. ఫోన్‌లో ‘వచ్చే నెల చూద్దాం అన్నా’ అని పెట్టిన మెసేజ్‌నో, ఆన్‌లైన్‌లో వేసిన యాభై వేలనో నమ్ముకోవద్దు. చట్టం రాత, సంతకం అంటుంది. అవతలి వకీలు అక్కడే పట్టుకుంటాడు.

ఇక ‘పైనుంచి రాలేదు’ అన్న మాట. సబ్ కాంట్రాక్టర్లు దీన్ని వర్షం పడడం లాంటిదనుకుని ఊరుకుంటారు. నిజానికి అది వర్క్ ఆర్డర్‌లో ఉందా లేదా అన్నదే ప్రశ్న. మీ దాంట్లో ‘సర్టిఫై అయిన 30 రోజుల్లో’ అని మాత్రమే ఉంది, బిల్డర్ ఇచ్చాకే ఇస్తామని లేదు. కాబట్టి బిల్డర్ ఇచ్చాడా లేదా అన్నది వాళ్లిద్దరి గొడవ. అలాంటి షరతు రాసి ఉన్న వర్క్ ఆర్డర్లు చాలా వస్తున్నాయి, బ్యాక్ టు బ్యాక్ పేమెంట్ అంటారు. బ్రిటన్‌లో 1996 నాటి చట్టం నిర్మాణ కాంట్రాక్టుల్లో ఆ షరతును దాదాపు చెల్లకుండా చేసింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు కాబట్టి రాసుకున్న మాట ప్రకారమే చూస్తారు. అప్పుడైనా పైనుంచి డబ్బు రాలేదన్న సంగతి ఆయనకే తెలిసిన విషయం, రుజువు చేయాల్సిందీ ఆయనే. బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టమని కోర్టులో అడగొచ్చు.

ఆయన లెక్కల పుస్తకం కొంత మీకు ఇంటి దగ్గరే కనిపిస్తుంది. మీ పాన్ మీద 26ఏఎస్ (మీ పేరున కట్ అయిన టీడీఎస్ చూపే ఆదాయపన్ను స్టేట్‌మెంట్) తీయండి. కాంట్రాక్టర్ మీకు డబ్బు ఇచ్చినప్పుడో, మీ బిల్లు తన ఖాతాలో జమ రాసుకున్నప్పుడో, ఏది ముందైతే అప్పుడు టీడీఎస్ కట్ చేయాలి. మీకు ముట్టింది రూ.29 లక్షలై, 26ఏఎస్‌లో అంతకన్నా ఎక్కువ మొత్తానికి టీడీఎస్ కనిపిస్తే, ఆ బిల్లును ఆయనే ఒప్పుకున్నట్టు. జీఎస్టీ బిల్లులు ఇచ్చి ఉంటే ఇంకో దారి ఉంది. మీ బిల్లు మీద ఆయన ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నాడేమో, అంటే మీ బిల్లులోని జీఎస్టీని తన పన్నులో తగ్గించుకున్నాడేమో మీ ఆడిటర్‌ని కనుక్కోమనండి. 180 రోజుల్లో మీకు డబ్బు ఇవ్వకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. నోటీసులో ఈ ఒక్క వాక్యం పడితే కొందరు మర్నాడే ఫోన్ చేస్తారు.

బిల్లుల మీద సంతకం చేసిన సైట్ ఇంజినీర్ ఇప్పుడు ఆ సంస్థలో లేకపోయినా ఆ సంతకం చెల్లుతుంది. సంతకం పెట్టిన నాడు ఆయన వాళ్ల మనిషే. ఆయన ఇప్పుడెక్కడ పనిచేస్తున్నాడో తెలుసుకుని పెట్టుకోండి, సాక్షిగా పిలవాల్సి రావచ్చు.

డెబిట్ నోట్ గురించి పెద్దగా టెన్షన్ పడొద్దు, అలాగని జవాబివ్వకుండా వదిలేయనూ వద్దు. పగుళ్లు వచ్చాయని మీకు ఎప్పుడు చెప్పారు? బాగుచేసే అవకాశం ఇచ్చారా? వేరే మేస్త్రీతో చేయిస్తే ఆ బిల్లేది? నష్టం జరిగిందన్నవాడే దాన్ని రుజువు చేయాలి. పైగా ఇలాంటి లోపాల కోసమేగా రూ.2 లక్షలు రిటెన్షన్ పట్టుకుంది! దాన్ని అట్టే పెట్టుకుని మళ్లీ డెబిట్ ఏమిటని ఒక ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

నోటిమాట పనికీ డబ్బు వస్తుంది. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పని ఫలితాన్ని అవతలివాడు అనుభవిస్తే దానికి పరిహారం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతోంది. ర్యాంపు మీద రోజూ కార్లు ఎక్కి దిగుతున్నాయి, ఇక అనుభవించలేదని ఎలా అంటాడు? చిక్కల్లా ఆ పని చేసింది మీరేనని, కొలత ఇంత అని చూపడంలోనే. రేటు దగ్గర కోర్టు మీ వర్క్ ఆర్డర్ రేట్లనో, ప్రభుత్వం పనులకు నిర్ణయించే ఎస్ఎస్ఆర్ రేట్లనో చూడొచ్చు. ‘రేపు ర్యాంపు పోత’ అని సైట్ ఇంజినీర్ పెట్టిన మెసేజ్, పోత పోస్తుండగా తీసిన ఫొటో మీ ఫోన్లో ఉంటే ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

ఆరు లక్షల మాటకొద్దాం. అవసరంలో ఉన్నవాడికి ఆరు లక్షలు ఆరు లక్షలే, వద్దనమని నేను చెప్పను. కానీ ‘ఫుల్ అండ్ ఫైనల్’ అన్న మూడు మాటల కింద సంతకం పెడితే మిగతా రూ.8.70 లక్షలు వదులుకున్నట్టే అవుతుంది. బలవంతాన పెట్టించుకున్నారని తర్వాత వాదించొచ్చు గానీ, రుజువు చేయడం కష్టం. డబ్బు తీసుకుంటే రసీదు మీరే రాయండి: ‘7, 8 నంబరు బిల్లుల బాకీ రూ.9,00,000లో రూ.6,00,000 ముట్టింది. ఈ బిల్లుల కింద రూ.3,00,000, రిటెన్షన్, అదనపు పనుల డబ్బు రావాల్సి ఉంది.’ దాని కింద ఆయన సంతకం కూడా తీసుకోగలిగితే మీ గడువు సమస్య చాలావరకు తీరిపోయినట్టే. ఆయన ఒప్పుకోకపోతే, అసలు ఉద్దేశమేమిటో అప్పుడే తెలిసిపోతుంది.

చీటింగ్ కేసు వద్దు. మోసం నేరం కావాలంటే పని ఒప్పుకున్న మొదటి రోజు నుంచే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉండాలి. రూ.40 లక్షల్లో రూ.29 లక్షలు ఇచ్చినవాడి మీద ఆ మాట నిలవదు. సివిల్ తగాదాలకు క్రిమినల్ రంగు పులమొద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు అంది. స్టేషన్‌లో కూర్చోబెట్టి సెటిల్ చేయిస్తానని ఎవరైనా చెబితే, అక్కడ కూడా మీ చేత పెట్టించేది ఆ ‘ఫుల్ అండ్ ఫైనల్’ సంతకమే.

చెక్కు విషయం వేరు. సెక్యూరిటీగా ఇచ్చినా, బ్యాంకులో వేసేనాటికి అంత బాకీ నిజంగా ఉంటే, చెక్ బౌన్స్‌ను నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ వర్తిస్తుంది. తేదీ లేకుండా ఇచ్చిన చెక్కు మీద సంతకం ఆయనదే అయితే బాకీ కోసమే ఇచ్చాడని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని చూపాల్సిన భారం ఆయన మీద పడుతుంది. ఒక్క జాగ్రత్త. ఈలోగా ఆరు లక్షలు తీసుకుని బాకీ తగ్గితే ముందు లెక్క సరిచూసుకోండి. చెక్కు మొత్తం మిగిలిన బాకీని మించకూడదు. బ్యాంకులో వేసే ముందు ‘ఫలానా తేదీన వేస్తున్నాను’ అని ఒక ఉత్తరం పంపడం మంచిది. చెక్కు తిరిగొస్తే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక ఆయనకు 15 రోజుల టైము. అదీ దాటితే ఆ తర్వాతి నెల లోపు ఫిర్యాదు వేయాలి. ఈ తేదీల్లో ఒక్కటి తప్పినా కేసు నిలవడం కష్టం.

బిల్డర్‌తో మీకు ఒప్పందం లేదు కనుక ఆయన్ని నేరుగా అడగలేరు, మీకిస్తానని రాసిచ్చి ఉంటే తప్ప. కోర్టులో డిక్రీ వచ్చాక మాత్రం, బిల్డర్ ఈ కాంట్రాక్టర్‌కి ఇవ్వాల్సిన డబ్బునే అటాచ్ చేయించొచ్చు. కూలీల వేతనాలు ఇంకో సంగతి. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే ఇవ్వాలన్నది పాత చట్టంలోనూ కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. కానీ ఆ హక్కు కూలీలది. మీరు వాళ్లకి ఇచ్చేశారు కాబట్టి మీకు పనికిరాదు.

ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ఎంఎస్ఎంఈ చట్టం కింద చేయించుకునే నమోదు) పని మొదలవక ముందే ఉందా? ఉంటే 45 రోజులు దాటిన బాకీకి బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడిగే దారుంది. అయితే ఇలాంటి వర్క్స్ కాంట్రాక్టులకు ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుందా అన్నదానిపై హైకోర్టులు తలోమాట అన్నాయి. తర్వాత చేయించుకున్న రిజిస్ట్రేషన్ పాత పనికి పనికిరాదని సుప్రీంకోర్టు 2022లో అంది. దాని మీద ఆధారపడి గడువు పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు చేయాల్సిందల్లా వడ్డీతో సహా అడుగుతూ లాయర్ నోటీసు పంపడం. వడ్డీ మాట నోటీసులో రాయాలి, ఆ తేదీ నుంచైనా వడ్డీ అడగొచ్చు. వర్క్ ఆర్డర్ రెండో పేజీలో ఆర్బిట్రేషన్ (తగాదాను కోర్టు బయట ఆర్బిట్రేటర్ తేల్చాలన్న షరతు) అన్న మాట లేకపోతే, రూ.3 లక్షలు దాటిన నిర్మాణ కాంట్రాక్టు కాబట్టి మీ కేసు కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. అక్కడ దావాకు ముందు, అత్యవసర ఉత్తర్వు అవసరమైతే తప్ప, న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. అందులో గడిచిన కాలం గడువులోంచి మినహాయిస్తారు. ఆయన రాకపోతే రాలేదని రిపోర్టు ఇస్తారు, దాంతో దావా వేయొచ్చు. మూడు ముక్కలూ ఒకే దావాలో కలపండి. ఒకటి ఇప్పుడు, ఒకటి తర్వాత అంటే వదిలేసింది పోవచ్చు.

‘తమ్ముడూ నేనూ’ అన్నారు. బిల్లులు ఎవరి పేరు మీద ఉన్నాయి? ఇద్దరి భాగస్వామ్య సంస్థ పేరు మీద ఉండి, ఆ సంస్థ రిజిస్టర్ కాకపోతే దావా వేయనివ్వరు. ముందు రిజిస్టర్ చేయించుకోవాలి. దానికి పట్టే రోజులు కూడా మీ గడువులోంచే పోతాయి.

రేకులు, జాకీల కోసం గోడౌన్ తాళం పగలగొట్టకండి, అర్ధరాత్రి ఆటో పంపకండి. నోటీసులోనే వాటి లెక్క రాయించండి: రేకులు ఎన్ని, జాకీలు ఎన్ని, ఏ తేదీన సైట్‌లో దింపారు, రోజుకి అద్దె ఎంత. దింపిన రోజు వాచ్‌మన్ సంతకం పెట్టిన చీటీ ఉంటే దాని జిరాక్స్ జతచేయండి.