రివ్యూలో వచ్చిన ఒక్క ముక్కకి కంగారుపడకు

చిరంజీవి చిన్నీకి,
పెద్దనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. నువ్వు పంపిన కోడ్ మార్పు కింద "ఇలా ఎందుకు చేశావు?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారని రాత్రంతా టెన్షన్ పడ్డావట. ఇక ఆ ప్రాజెక్టు జోలికే వెళ్ళనంటున్నావు. అంత తొందరపడకు తల్లీ.

మన ఇళ్ళల్లో "ఇలా ఎందుకు చేశావు?" అంటే చీవాట్లే. ఓపెన్‌సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టి ఎవరైనా మార్పులు పంపగలిగే ప్రాజెక్టుల్లో, ఆ మార్పుల్ని పరిశీలించే రివ్యూలో మాత్రం చాలాసార్లు అది ఉత్త ప్రశ్న. ఆ లూప్ (ఒకే పనిని మళ్ళీమళ్ళీ చేయించే కోడ్) అక్కడెందుకు పెట్టావో నీ మార్పు చూసిన రివ్యూయర్‌కి అంతుపట్టలేదు, కారణం చెబితే చాలు. ఆఫీసు పని అయ్యాక, పైసా జీతం లేకుండా, ఇంకెన్నో మార్పుల మధ్య నీది చూసి ఉంటాడు. ఏ బ్రెజిల్‌లోనో కూర్చుని, తనకీ సొంతం కాని ఇంగ్లీషులో రాసి ఉండొచ్చు. గొంతు వినపడదు, మొహం కనపడదు. ఆ కోపమేదో చదివేటప్పుడు మనమే కలుపుకుంటాం.

ఇది ఇవాళ్టి తంటా కాదు. 1982లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఆన్‌లైన్ బులెటిన్ బోర్డులో, లిఫ్టులో పాదరసం పడిందని ఎవరో సరదాకి రాస్తే కొందరు నిజమనుకున్నారు. ఆ గందరగోళం చూసే అక్కడి కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్‌మన్ సెప్టెంబర్ 19న, జోకు పక్కన కోలన్, డ్యాష్, బ్రాకెట్ కలిపి నవ్వు గుర్తు పెట్టమన్నాడు. ఒకే క్యాంపస్‌లో తిరిగేవాళ్ళే అలా పొరబడ్డారు మరి.

అందుకని ఆయన మాట తీరు పక్కనపెట్టి, కోడ్ గురించి అడిగింది పట్టుకో. "ఫైలు పెద్దదైతే మెమరీ నిండిపోతోంది, అందుకే ముక్కలుగా చదివాను. ఇంతకంటే మంచి పద్ధతి ఉంటే చెప్పండి." అంతే. సారీలు అక్కర్లేదు. వ్యాఖ్య ముందు "నిట్" అని ఉంటే అది చిన్న సవరణ, మామూలుగా దానికోసం నీ మార్పు ఆపరు.

నువ్వు సాయం అడిగేటప్పుడూ ఒకటి చూసుకో. ముందు "హలో సర్" అని పలకరించి, వాళ్ళు పలికాక విషయం ఎత్తడం మన మర్యాద. అక్కడ అదొక్కటే పంపి కూర్చుంటే, నువ్వు నిద్రలేచేసరికి "చెప్పండి" అని ఉంటుంది. ఒక రోజు పోయినట్టే. పలకరింపుతోపాటే అంతా రాసెయ్: ఏ వెర్షన్, ఏ కమాండ్ ఇచ్చావు, ఇప్పటిదాకా ఏం చేసి చూశావు. ఎర్రర్ మెసేజ్ స్క్రీన్‌షాట్ కాకుండా అక్షరాలుగానే పూర్తిగా పెట్టు. "అర్జెంట్" అని మాత్రం రాయకు. ఊరికే సాయం చేసేవాళ్ళకి అది హుకుంలా వినపడుతుంది.

అలాగని అన్నీ పడమనడం లేదు. కోడ్ వదిలేసి నీ తెలివినో, నీ దేశాన్నో, ఆడపిల్లవనో ఏమైనా అంటే అది అపార్థం కాదు, అవమానమే. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కెర్నల్‌ని సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే 2018 సెప్టెంబర్‌లో తన దురుసు మెయిళ్ళకి అందరిముందూ క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. ఆ కెర్నల్ ప్రాజెక్టు కొత్త కోడ్ ఆఫ్ కండక్ట్ (ఎలా మసలుకోవాలో చెప్పే నియమాలు) పెట్టుకున్నదీ అప్పుడే. మీ ప్రాజెక్టులోనూ అలాంటి ఫైలు ఉందేమో చూడు, ఫిర్యాదు ఎవరికి పంపాలో సాధారణంగా అందులోనే ఉంటుంది.

రేపు పొద్దున్నే ఆ ప్రశ్నకి జవాబు పెట్టు. పంపేముందు ఒకసారి చూడమంటే చూస్తాను, ఫోన్ చెయ్యి.

నీ పెద్దనాన్న