మొదటి ఎల్క్ వేటకు ఏ తుపాకీ కొనాలి?

కొలరాడోలో మొదటిసారి ఎల్క్ వేటకు వెళ్తున్నానని, జంతువు యాతన పడకుండా ఒక్క దెబ్బకే పోవాలని, అందుకు .300 విన్ మ్యాగ్ (బాగా శక్తి ఉన్న మ్యాగ్నమ్ తూటా కాల్చే రైఫిల్) కొనాలా, 6.5 క్రీడ్‌మూర్ (అంతకంటే చిన్న తూటా రైఫిల్) సరిపోతుందా, లేక విల్లు పట్టుకోవాలా అని అడిగారు. నేనైతే .300 వద్దంటాను. ఎందుకంటే నేను కొన్నాను.

ఎల్క్ అంటే పెద్ద జింక, మన సాంబర్‌కి దగ్గరి చుట్టమే, కానీ మగది 300 కిలోలు దాటుతుంది, ఆడది 220 పైమాటే. అంత జంతువుకి పెద్ద తుపాకీ కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. షాపులో చేతికి తీసుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. పేలిస్తే గాడిద తన్నినట్టు భుజం మీద తంతుంది. రేంజ్‌లో, అంటే తుపాకీ సాధన చేసే మైదానంలో, రెండు డబ్బాల తూటాలు కాల్చి, అలవాటైపోయిందిలే అనుకుని కొలరాడోలోని మీకర్ ఊరి వైపు కొండల్లోకి వెళ్లాను.

ఆడ ఎల్క్. 250 గజాల దూరంలో పక్కకు తిరిగి, కదలకుండా నిలబడింది. అంతకంటే మంచి అవకాశం దొరకదు. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నా కళ్లు మూసుకుపోయాయి. ముందుకాలి జబ్బ వెనక, ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిన తూటా పొట్టలోకి పోయింది. అక్కడికి వెళ్లి చూస్తే మంచు మీద నల్లటి నెత్తురు, అందులో నమిలిన గడ్డి పచ్చగా. ఊపిరితిత్తులకు తగిలితే నెత్తురు గులాబి రంగులో నురగ కట్టి ఉంటుంది. చీకటి పడేదాకా వెతికాను. మర్నాడు పదకొండింటికి స్ప్రూస్ చెట్ల కింద దొరికింది. ఎంత చలైనా ఆ తోలు కింద వేడి అంత తొందరగా పోదు, తొడ మాంసం అప్పటికే వాసన వేస్తోంది. వేట అనుమతితో ఇచ్చే ట్యాగ్ దానికి కట్టి, పనికొచ్చినంత కోసి తెచ్చాను. ఇంట్లో వండుతుంటే ఆ కథ ఎవరికీ చెప్పలేదు.

మా పక్కింటి పెద్దాయనకి మాత్రం చెప్పాను. ఆయన నన్ను రేంజ్‌కి తీసుకెళ్లి, నా రైఫిల్ తనే లోడ్ చేసి ఇచ్చాడు. రెండుసార్లు పేలింది. మూడోసారి టిక్‌మని ఊరుకుంది. చెప్పకుండా డమ్మీ రౌండ్, అంటే పేలని ఉత్తి తూటా పెట్టాడు. పేలని తుపాకీ, దాని మొన మాత్రం బెత్తెడు కిందికి దిగింది! తంతుందన్న భయంతో నేనే దాన్ని దించేస్తున్నానన్నమాట. ఆయన నవ్వలేదు. ఇంకోటి పెట్టనా అని అడిగాడంతే.

ఆ .300 అమ్మేసి, అంతగా తన్నని .308 కొన్నాను. 1952లో వచ్చిన తూటా అది. .270 అయితే 1925 నాటిది, .30-06 ఇంకా పాతది, 1906. తరాల తరబడి వీటితోనే ఎల్క్‌ని కొడుతున్నారు. కొలరాడో నిబంధన ప్రకారం ఎల్క్‌కి కనీసం .24 కాలిబర్ (తూటా అడ్డకొలత, అంగుళాల్లో), 85 గ్రెయిన్ల (సుమారు ఐదున్నర గ్రాముల) తూటా, 100 గజాల దగ్గర 1000 ఫుట్‌పౌండ్ల శక్తి ఉండాలి. చట్టం ఒప్పుకునే కనిష్ఠం అది. అనుభవమున్నవాళ్లు చాలామంది తగిలేచోట 1500 ఉండాలంటారు. ఆ లెక్కన క్రీడ్‌మూర్ కూడా మంచి తూటాతో సుమారు 300 గజాల దాకా పనికొస్తుంది.

మంచి తూటా అన్నమాట ఊరికే అనలేదు. జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడు 1946లో కెనడాలో మూస్‌ని (ఎల్క్ కంటే పెద్ద జింకని) మ్యాగ్నమ్‌తోనే కొట్టాడు. తూటా లోపలికి దిగకుండా పైనే చితికిపోయింది. ఆ చికాకులోంచే లోపల అడ్డుగోడతో చితికిపోకుండా దిగే ఆయన పార్టిషన్ తూటా పుట్టింది. నేను వాడేది 165 గ్రెయిన్ల రాగి తూటా. వదిలేసిన పేగులు తినే గద్దల కడుపులోకి మామూలు తూటాల్లో ఉండే సీసం పోకుండా ఉంటుందని కూడా అది వాడతాను.

విల్లు మీద మోజుంటే, తాడు లాగడానికి 35 పౌండ్ల బలం పట్టే విల్లు చాలని చట్టం అంటుంది. కానీ బాణం నెత్తురు కార్చి చంపుతుంది, 30, 40 గజాల లోపలికి చేరాలి. ఏడాదిపాటు రోజూ సాధన చెయ్యకపోతే మొదటి సంవత్సరం దాని జోలికి పోకండి.

మీ హద్దు తెలుసుకోవాలంటే పుట్టినరోజు పార్టీల్లో ఇచ్చే పేపర్ ప్లేటు ఒకటి దూరంగా కట్టండి. బెంచీ మీద ఆనించి కాదు, నేల మీద కూర్చుని, కాస్త పరుగెత్తి వచ్చి ఆయాసంతో కాల్చండి. ఐదు తూటాలకి ఐదూ ఎంత దూరం నుంచి ఆ ప్లేటులో పడతాయో అంతే మీ దూరం. నాది 200 గజాలు. పోయినేడు 220లో మగది కనిపిస్తే చూస్తూ కూర్చున్నాను, అది మేసుకుంటూ వెళ్లిపోయింది.

అన్నట్టు, మీరు హెచ్1బీ మీద ఉంటే తుపాకీ కొనడమే కాదు, చేత్తో పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చేతిలో ఉంటే దానికి మినహాయింపు ఉంది. కాబట్టి ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే తుపాకీ షాపు. రేంజ్‌లో స్నేహితుడి తుపాకీతో ప్రాక్టీస్ చేసినా వరస ఇదే.