ఏ లెడ్ కొనాలో తర్వాత, ముందు ఆ ఫ్లక్స్ డబ్బీ సంగతి చూడండి

సోల్డరింగ్ నేర్చుకోవడానికి ఏ లెడ్ (సోల్డర్ తీగను మా షాపుల్లో అలాగే అంటాం) కొనాలి, 60/40 మంచిదా 63/37 మంచిదా, లెడ్ ఫ్రీ కొనాలా, రోజిన్ కోర్ అంటే ఏంటి, నో క్లీన్ అంటే ఏంటి అని అడిగారు. అందరూ శాతాలు చెప్పి వదిలేస్తారు. నేను చెప్పేది ఒకటే. లెడ్ కాస్త అటూ ఇటూ అయినా పని నడుస్తుంది, ఫ్లక్స్, అంటే లోహం మీది ఆక్సైడ్ తీసి సోల్డర్ పట్టేలా చేసే పదార్థం, తప్పుడుది పడితే బోర్డు బతకదు. భీమవరం దగ్గర ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, చెరువుల మీద పెట్టే ప్యానెళ్లు బాగుచేసే షాపు నాది. రోజూ కళ్లతో చూస్తున్నదే చెప్తున్నాను.

శాతాల సంగతి గబగబా చెప్పేస్తాను. 63/37 అంటే బరువులో 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం. 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60/40 కూడా 183 దగ్గరే కరగడం మొదలవుతుంది కానీ పూర్తిగా కరగాలంటే దాదాపు 190 దాకా పోవాలి, ఆ మధ్యలో జావలా ఉంటుంది. సరిగ్గా అప్పుడు కాంపొనెంట్ కాలు కదిలిందంటే జాయింటు మసకగా, గరుకుగా తయారై లోపల పగుళ్లు రావచ్చు. నేర్చుకునేవాళ్ల చెయ్యి ఎలాగూ కుదురుగా ఉండదు, అందుకే పది రూపాయలు ఎక్కువైనా 63/37 కొనమంటాను. లావుది వద్దు, 22 గేజ్ చాలు.

ఇప్పుడు అసలు విషయం. మాకు బాబాయి వరస అయ్యే ఒక రొయ్యల రైతు, చెరువు నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ల ప్యానెల్‌లోంచి టైమర్ బోర్డు ఊడదీసి తెచ్చాడు. "ఏరా, మొన్న సంక్రాంతికే కదా బాగు చేయించాను, మళ్లీ తెల్లవారుజామున ఆగిపోయింది" అన్నాడు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారకముందే. ఆ టైంలో ఏరియేటర్ ఆగితే రొయ్యలు తేలిపోతాయి, ఒక పంట మొత్తం పోతుంది. ఆయన మొహంలో ఆ టెన్షన్ కనిపిస్తూనే ఉంది.

బోర్డు తిప్పి భూతద్దం కింద పెట్టాను. రిలే (కరెంటుతో నడిచే స్విచ్) కాళ్ల దగ్గర ఎవరో సోల్డర్ చేశారు, మెరుస్తూనే ఉంది, జాయింటుకు వంక పెట్టడానికి లేదు. కానీ దాని చుట్టూ జిడ్డుగా తడి, ఆ తడి పాకినంత మేరా ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) పచ్చగా చిలుం పట్టింది. బ్లేడుతో కొద్దిగా గీకితే రాగి పొడిపొడిగా రాలింది. రిలే కాయిల్‌కు వెళ్లే సన్నటి ట్రాక్ అయితే మధ్యలో పూర్తిగా తినేసింది. "చూడండి బాబాయ్, రిలే పోలేదు, ఐసీ పోలేదు. రేకులు అతికే పేస్ట్ తెచ్చి దీని మీద పూశారు" అని చూపించాను. ఆ రకం పేస్ట్‌లో జింక్ క్లోరైడ్ ఉంటుంది. రేకు మీద తుప్పు, మురికి బాగా తినేస్తుంది, అక్కడికి అదే కావాలి. పీసీబీ, అంటే ఇలాంటి ఎలక్ట్రానిక్ బోర్డు మీద మిగిలిపోతే గాలిలో తేమను లాక్కుని, కరెంటు లీక్ చేస్తూ రాగిని తింటూనే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి పాత టూత్ బ్రష్‌తో రుద్ది, చిలుం గీకేసి, తెగిన చోట జంపర్ వైర్ వేశాను. బోర్డు ఆడింది.

పేస్ట్ అమ్మిన షాపువాడి మీదే నా కోపం. లేబుల్ లేని డబ్బీ చేతిలో పెట్టి "అన్నింటికీ పనిచేస్తుంది" అంటాడు. డిప్లొమా చదివి మా షాపుకు వచ్చే పిల్లలకు రికార్డులో బొమ్మలు వేయడం వచ్చు, ఫ్లక్స్ ఎన్ని రకాలో ఒక్కరూ చెప్పలేరు. ల్యాబుల్లో నల్లగా మాడిన బిట్ (సోల్డరింగ్ ఐరన్ మొన) ఇచ్చి సోల్డర్ చేయమంటే వాళ్లు మాత్రం ఏం నేర్చుకుంటారు?

రోజిన్ అంటే పైన్ చెట్టు జిగురు నుంచి వచ్చేది. రోజిన్ కోర్ లెడ్ అంటే ఆ తీగ మధ్యలో బోలుగా ఉండి అందులో రోజిన్ నింపి ఉంటుంది. వేడి తగలగానే అది ముందు కరిగి రాగి మీది ఆక్సైడ్ తీసేస్తుంది, అప్పుడే లెడ్ పరుచుకుంటుంది. పరుచుకోకుండా ముత్యంలా ముడుచుకుని నిలబడిందంటే అది పట్టలేదనే, ఎంత లెడ్ పోసినా డ్రై సోల్డరే. లెడ్‌ను బిట్‌కు కరిగించి తెచ్చి జాయింటు మీద రాసేవాళ్లు చాలామంది. దారిలోనే ఫ్లక్స్ అంతా పొగైపోతుంది, ఇంకేం పడుతుంది. బిట్‌తో బోర్డు మీది రాగి ప్యాడ్‌నూ కాంపొనెంట్ కాలునూ కలిపి వేడి చేసి, లెడ్ అక్కడ ఆనించాలి.

ఆ పొగలో సీసం ఉందని భయపడుతుంటారు. సీసం మరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి, మన ఐరన్ 350 దగ్గర ఉంటుంది. ఆ పొగ రోజిన్‌ది. అలాగని పీల్చకండి, రోజూ పీల్చేవాళ్లకు ఆస్తమా రావచ్చు, చిన్న ఫ్యాన్ పెట్టుకోండి. సీసం వచ్చేది చేతులకు, సబ్బుతో కడుక్కోకుండా టిఫిన్ చేయొద్దు.

లెడ్ ఫ్రీ, అంటే సీసం లేని సోల్డర్, నేర్చుకునేటప్పుడు వద్దు. యూరప్‌లో 2006 జూలై నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం మీద ఆంక్షలు వచ్చాక కంపెనీ బోర్డులు చాలావరకు దాంతోనే వస్తున్నాయి. ఎక్కువగా వాడేది ఎస్ఏసీ305, అంటే తగరంలో 3 శాతం వెండి, అర శాతం రాగి. 217 దాటితే గానీ కరగదు. మంచి జాయింటు కూడా మసకగానే ఉంటుంది, చూసి డ్రై అనుకుని పీకేయకండి.

ఇక నో క్లీన్ అంటే మిగిలిన ఫ్లక్స్ కడగకపోయినా హాని చేయదని. అది సరిగ్గా వేడెక్కిన ఫ్లక్స్ మాట. సిరంజితో ఎక్కువ పెట్టేస్తే పక్కకు కారి, వేడి తగలకుండా ఉండిపోయిన దానికి ఆ హామీ లేదు. మా వైపు ఉప్పుగాలికి నేనైతే నో క్లీన్ వాడినా సరే, ఆల్కహాల్‌తో కడగకుండా బోర్డు చేతికివ్వను.